కోతుల గ్రహం చెప్పిన అమెరికా చరిత్ర

రామాయణం వింటూ పెరిగిన మనకు మాట్లాడే వానరులు వింత కాదు. కిష్కింధలో రాజ్యం ఉంది, మంత్రాంగం ఉంది, అన్నదమ్ముల తగువూ ఉంది. హాలీవుడ్‌లో 1968 నుంచి 1973 దాకా వచ్చిన ఐదు 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' సినిమాల్లోనూ ఇవన్నీ ఉన్నాయి. మొదటిదాన్ని క్లాసిక్ అంటారు. తర్వాతి నాలుగింటినీ డబ్బుల కోసం చుట్టేసిన సీక్వెల్స్ అని కొట్టిపారేసేవారు చాలామంది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని, సినిమా పండితుణ్ణి కాను. మా అమ్మాయి హైస్కూల్లో అమెరికా చరిత్ర చదువుతున్న ఏడాది ఐదింటినీ ఇద్దరం వరుసగా చూశాం. పాఠ్యపుస్తకం నాలుగు పేరాల్లో ముగించిన 1960ల అమెరికా ఈ చవక సీక్వెల్స్‌లో ఇంకా వేడిగా కనిపించింది. ఆ సంగతులే ఇక్కడ పంచుకుంటున్నాను.

మూలకథ ఫ్రెంచి రచయిత పియేర్ బూల్ 1963లో రాసిన నవల. ఆయనా చదువుకి ఇంజనీరే. 1930లలో బ్రిటిష్ మలయాలోని రబ్బరు తోటల్లో పనిచేశాడు. తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ కూలీలుగా చెమటోడ్చిన తోటలున్న దేశం అది. యుద్ధకాలంలో ఆ తోటల కూలీలను వేల సంఖ్యలో జపాన్ సైన్యం బర్మా రైలుమార్గం పనికి తరలించింది. ఆ రైలుమార్గం నేపథ్యంగానే బూల్ క్వాయ్ నది వంతెన నవల రాశాడు.

1957లో ఆ నవల సినిమాగా వచ్చినప్పుడు స్క్రీన్‌ప్లే రాసినవారిలో ఒకరు మైకేల్ విల్సన్. కమ్యూనిస్టు ముద్ర వేసి హాలీవుడ్ ఆయన్ని బ్లాక్‌లిస్టులో పెట్టింది. అందుకని తెరమీద బూల్ పేరే పడింది, ఆస్కార్ కూడా బూల్‌కే ఇచ్చారు. ఆ తప్పు 1984లో దిద్దారు కానీ అప్పటికి విల్సన్ లేడు. మొదటి 'ఏప్స్' సినిమాకి రాడ్ సెర్లింగ్‌తో పాటు స్క్రీన్‌ప్లే రాసింది ఈ విల్సనే. అందులో మనిషిని బోనులో నిలబెట్టి, అతని మాట వినడానికే నిరాకరించే ఒరాంగుటాన్ న్యాయమూర్తులను చూసినప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

బడ్జెట్ తగ్గిన కొద్దీ

మొదటి సినిమాకి సుమారు 58 లక్షల డాలర్లు ఖర్చయింది. నాలుగోదానికి వచ్చేసరికి అది సుమారు 17 లక్షలకు దిగింది. బడ్జెట్ కోసేస్తే డిజైన్ మార్చుకోవాలని మన ప్రాజెక్టుల్లో అందరికీ తెలుసు. సీక్వెల్స్ రాసిన బ్రిటిష్ రచయిత పాల్ డెన్ చేసిందీ అదే.

రెండో సినిమా (1970) వియత్నాం యుద్ధం నడుస్తుండగా వచ్చింది. యుద్ధానికి బయలుదేరిన గొరిల్లా సైన్యం దారికి శాంతి కోరే చింపాంజీలు అడ్డంగా కూర్చుంటాయి. నేలకింద బతికే మనుషులు అణుబాంబునే దేవుడిగా కొలుస్తుంటారు. చివరికి ఆ బాంబు పేలి భూమే మసైపోతుంది. కథ అక్కడితో సరి. అయినా స్టూడియోకి ఇంకో సీక్వెల్ కావాలి, అదీ తక్కువ డబ్బులో!

డెన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. భూమి నాశనం కాకముందే మూడు చింపాంజీలు వ్యోమనౌకలో కాలంలో వెనక్కి వచ్చి కాలిఫోర్నియా తీరంలో దిగుతాయి. మేకప్ ముగ్గురికే. సెట్టింగులు అక్కర్లేదు, లాస్ ఏంజెలెస్ నగరమే సెట్టింగు. ఖర్చు తగ్గించడానికి కథని సొంత ఊళ్లోకి తీసుకురావడంతో, పరాయి గ్రహం మీద చూపించిన వ్యంగ్యం ఇప్పుడు నేరుగా అమెరికాకే గురిపెట్టింది.

అతిథి ఎప్పుడు ప్రమాదమవుతాడు?

ఆ మూడో సినిమా 'ఎస్కేప్' (1971) మనవాళ్లందరూ చూడదగ్గది. వచ్చిన మూడింటిలో ఒకటి మొదట్లోనే చనిపోతుంది. మిగిలిన కొర్నేలియస్, జీరా దంపతులు మాట్లాడగలరని తెలియగానే ఊరంతా వాళ్లకి బ్రహ్మరథం పడుతుంది. హోటల్లో బస, కొత్త బట్టలు, విందులు, జీరా చేత ఉపన్యాసాలు! ఆమె గర్భవతి అని తెలిసేసరికి గాలి మారుతుంది. వీళ్ల సంతానమే రేపు మన మీద పెత్తనం చేస్తుందేమోనని అధ్యక్షుడి సలహాదారుడికి భయం పట్టుకుంటుంది. మందు ఎక్కించి విచారణ చేస్తారు. బిడ్డ పుట్టకూడదని, ఇకముందు వీళ్లకి పిల్లలే కలగకూడదని కమిషన్ తేలుస్తుంది. దంపతులు పారిపోతారు, చివరికి తుపాకులకు బలవుతారు. అంతా కాగితాల మీద, పద్ధతి ప్రకారం జరుగుతుంది. కాపాడిన బిడ్డ మాత్రం ఒక సర్కస్ యజమాని దగ్గర బతుకుతాడు.

నాలుగోది 'కాంక్వెస్ట్' (1972). పెద్దవాడైన ఆ బిడ్డే సీజర్. ఏదో జబ్బు వచ్చి కుక్కలు, పిల్లులు చచ్చిపోతే మనుషులు కోతులను పెంచుకోవడం మొదలుపెట్టి, క్రమంగా బానిసలుగా మార్చుకున్నారు. వేలంలో అమ్ముతారు, కరెంటు షాకులిచ్చి పని నేర్పుతారు. కోతుల వల్ల తమ ఉద్యోగాలు పోతున్నాయని ధర్నా చేసే మనుషులూ ఉన్నారు. ఈ కథని సెంచురీ సిటీ భవనాల మధ్య తీశారు. ఆ స్థలం ఒకప్పుడు ఫాక్స్ స్టూడియోదే. డబ్బు ఇబ్బందుల్లో 1961లో అమ్ముకున్న నేలమీద లేచిన కొత్త భవనాలే 'భవిష్యత్ నగరం' అయ్యాయి.

ఆఖరి తిరుగుబాటు దృశ్యాలకు నమూనా అదే నగరంలోని వాట్స్. నల్లజాతి యువకుణ్ణి పోలీసులు రోడ్డుమీద ఆపడంతో 1965 ఆగస్టు 11న మొదలైన ఆ అల్లర్లు ఆరు రోజులు సాగాయి, 34 మంది చనిపోయారు. విడుదలకు ముందు సినిమా చూసిన ప్రేక్షకులు ముగింపులోని హింసకు బెదిరిపోయారు. మళ్లీ తీయడానికి డబ్బు లేదు. సీజర్ పాత్రధారి రాడీ మెక్‌డోవల్ చేత శాంతి మాటలు చెప్పించి, నోరు కనబడకుండా కళ్ల క్లోజప్పుల మీద అతికించారు. అసలు ముగింపు 2008లో బ్లూరేలో వచ్చేదాకా జనం చూడలేదు. తక్కువ ఖర్చు ఇచ్చిన స్వేచ్ఛకి అదీ హద్దు!

1965 మనకేమవుతుంది?

వాట్స్ మంటలు చల్లారిన ఏడు వారాలకు, అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. సంతకం జరిగింది లిబర్టీ ద్వీపంలో, స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర. మొదటి 'ఏప్స్' సినిమా చివర ఇసుకలో సగం కూరుకుపోయి కనిపించేది ఆ ప్రతిమే. ఆ చట్టం రాకముందు భారతీయులకు ఏడాదికి వందమంది కోటా. మన డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చిన తలుపు అది. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం దేశం మనస్సాక్షిని కదిలించకపోతే ఆ తలుపు అప్పుడు తెరుచుకునేది కాదు. మనం ఇక్కడ జరుపుకునే ప్రతి ఉగాదికీ వాళ్ల త్యాగంలో వాటా ఉంది.

అతిథి అనే మర్యాద శాశ్వతం కాదని కూడా మనకి తెలుసు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఇంజనీరుని, దేశం విడిచి పొమ్మని అరుస్తూ కాల్చి చంపారు. హంతకుణ్ణి ఆపబోయిన ఒక అమెరికన్‌కీ తూటా తగిలింది.

'కాంక్వెస్ట్'లో గవర్నరు కార్యాలయంలో మెక్‌డొనాల్డ్ అనే నల్లజాతి అధికారి ఉంటాడు. మంచి ఉద్యోగం, హోదా అన్నీ ఉన్నాయి. సీజర్‌ని కరెంటు పెట్టి చంపమని పైనుంచి ఆజ్ఞ వచ్చినప్పుడు అతను ఎవరికీ తెలియకుండా ఆ యంత్రానికి కరెంటు ఆపేస్తాడు. తన పూర్వీకుల సంగతి అతను మరిచిపోలేదు.

మనలో చాలామందిమి ఇవాళ మెక్‌డొనాల్డ్ కూర్చున్న కుర్చీలాంటి కుర్చీలోనే ఉన్నాం. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, స్కూల్ బోర్డుల్లో మన మాట చెల్లుతోంది. మన తర్వాత వచ్చేవాడి మీద, మనలాంటివాడు కాని పొరుగువాడి మీద అన్యాయం జరుగుతున్నప్పుడు ఏ స్విచ్ మన చేతికి అందుతుందో చూసుకోవాలి. ఈ సినిమాలు మీ పిల్లలతో కలిసి చూడండి, తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నలకి కాస్త తీరిక ఉంచుకోండి.