మూడో తరగతి చదువు: కృష్ణా డెల్టాలో దాని చరిత్ర

మూడో తరగతి ప్రాథమిక విద్యకు నడిమి మెట్టు. ఇందులో చదివే పిల్లలకు దాదాపు ఎనిమిదేళ్లు ఉంటాయి. ఒకటి, రెండు తరగతుల్లో చదవడం నేర్చుకున్న పిల్లలు పుస్తకం చదివి సంగతులు తెలుసుకోవడం మొదలుపెట్టేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఇప్పుడు ఈ తరగతికి తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం అని నాలుగు సబ్జెక్టులు. విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ఉన్న కృష్ణా డెల్టాలో ఈ చదువు రెండు వందల ఏళ్లలో చాలాసార్లు మారింది. భాష మారింది, తూనికలు, కొలతలు మారాయి, జిల్లా పటం మారింది. చివరికి మూడో తరగతి పిల్లలు ఏ బడిలో కూర్చోవాలన్నది కూడా మారింది.

వీధిబడి

పాత వీధిబడిలో తరగతులు లేవు. అరుగు మీదో చావడిలోనో పంతులుగారు కూర్చునేవారు. పిల్లలు ఎవరి పాఠం వాళ్లు చదివేవాళ్లు. కొత్తవాళ్లు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దితే, ముందు చేరినవాళ్లు గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు వల్లించేవాళ్లు. ఇంకా పెద్దవాళ్లు తాటాకుల మీద ఉత్తరాలు, పత్రాలు రాయడం నేర్చేవాళ్లు. పై పాఠం వచ్చినవాడు కింది పాఠంవాడికి చెప్పడం ఆ బడి ప్రాణం. మద్రాసులో ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని చూసి, 1797లో పుస్తకం రాసి ఇంగ్లండుకు పరిచయం చేశాడు. అక్కడి పేద పిల్లల బడుల్లో అది ‘మద్రాసు పద్ధతి’ పేరుతో నడిచింది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లా బడుల గురించి రాసిన నివేదికలో కూడా పిల్లలే పిల్లలకు చెప్పుకునే తీరు కనిపిస్తుంది.

ఆ నివేదిక రావడానికి కారణం మద్రాసు గవర్నరు థామస్ మన్రో. ఆయన 1822లో అన్ని జిల్లాల కలెక్టర్లనూ బడుల లెక్కలు పంపమన్నాడు. మచిలీపట్నం జిల్లా లెక్కలూ అందులో చేరాయి. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. వారిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. వీధిబడిని తలచుకుని మురిసేటప్పుడు ఈ అంకెను పక్కన పెట్టకూడదు. ఆ అరుగు మీద చోటు దొరకని కులాలవాళ్లు, ఆడపిల్లలు ఊళ్లో సగానికి ఎంతో మించి ఉన్నారు. పంతులుగారి శిక్షలూ తక్కువవి కావు. చేతులు పైకి కట్టి వేలాడదీసే కోదండం వాటిలో పేరుమోసింది. దసరాకు అదే పంతులుగారు పిల్లలకు విల్లంబులు పట్టించి, ఇంటింటా పద్యాలు పాడించి, పప్పుబెల్లాలు పెట్టించేవారు.

1832లో పుదూరు సీతారామశాస్త్రి ‘బాలశిక్ష’ రాశారు. అదే పెరిగి ‘పెద బాలశిక్ష’ అయింది. అక్షరాల నుంచి గుణింతాలు, చిన్న మాటలు, పెద్ద మాటలు, వాక్యాలు, నీతి పద్యాలు, ఎక్కాలు, కొలతలు, తిథులు, నక్షత్రాలు అన్నీ ఒకే పుస్తకంలో వరసగా ఉంటాయి. ఇంగ్లీషు తప్ప ఇప్పటి మూడో తరగతి సబ్జెక్టులన్నిటికీ అప్పట్లో అదొక్కటే వాచకం. ఇంట్లో ఇప్పటికీ దాన్ని కొని పెట్టుకునేవాళ్లున్నారు. విజయవాడ పుస్తకాల షాపుల్లో దాని కొత్త కూర్పులు అమ్ముడవుతూనే ఉన్నాయి.

క్లాసులు, ఇన్‌స్పెక్టర్లు

పిల్లల్ని మెట్లుగా విడదీసి, ప్రతి మెట్టుకూ ఇంత పాఠమని గీసే పద్ధతి ఇంగ్లీషువాళ్లతో వచ్చింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో మిషన్ బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. 1854 నాటి వుడ్ పత్రం తర్వాత విద్యాశాఖ, గ్రాంట్లు, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. పిల్లలు పరీక్షలో చూపిన ఫలితాన్ని బట్టి బడికి డబ్బిచ్చే పద్ధతి 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు రాజధానిలో నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చేరోజుకు వాచకం అప్పజెప్పాలి, లెక్క తేల్చాలి. అర్థం కాకపోయినా గడగడా అప్పజెప్పగలిగితే చాలన్న అలవాటుకు ఆ పద్ధతి బలం పోసింది. ఆ అలవాటు మన బడులను ఇంకా పూర్తిగా వదల్లేదు.

దీనికి ఎదురుగా ఈ డెల్టాలోనే మరో ఆలోచన పుట్టింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1910లో బందరు (మచిలీపట్నం)లో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. చేతిపని, చదువు కలిసి నడవాలని, అది మన భాషలో సాగాలని వారి పట్టుదల. అది చిన్న పిల్లల బడి కాదు గాని, చదువంటే ఏమిటన్న చర్చను ప్రతి ఇంటికీ తెచ్చింది. విజయవాడలో 1955లో వి. కోటేశ్వరమ్మ మాంటిస్సోరి పద్ధతిలో బడి ప్రారంభించారు. పిల్లలు వస్తువులను చేత్తో పట్టుకుని నేర్చుకోవడం ఈ ఊరికి అలా అలవాటైంది.

లెక్కలు: అణాల నుంచి మీటర్ల దాకా

మూడో తరగతి సబ్జెక్టుల్లో అన్నిటికంటే పెద్ద తిరుగుడు తిరిగింది లెక్కలే. 1957కు ముందు ఈ వయసు పిల్లలు కూడికలు చేయాలంటే పదుల స్థానాలు తెలిస్తే సరిపోయేది కాదు. 12 పైలు ఒక అణా, 16 అణాలు ఒక రూపాయి. 3 రూపాయల 12 అణాల 9 పైలకు 2 రూపాయల 7 అణాల 6 పైలు కలపాలంటే ముందు పైలు కూడాలి. 15 అవుతాయి. అందులో 12 తీసి ఒక అణా చేసి, 3 పైలు కింద వేయాలి. ఆ అణాతో కలిపి అణాలు 20. అందులో 16 తీసి ఒక రూపాయి చేస్తే 4 మిగులుతాయి. జవాబు 6 రూపాయల 4 అణాల 3 పైలు. ఒక్క కూడికలో రెండు రకాల మార్పిడులు. ధాన్యం కొలతలు వేరు: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. తూకానికి వీశెలు, మణుగులు. అందుకే ఎక్కాల పుస్తకంలో అంకెల ఎక్కాలతో పాటు కాలు, అర, ముప్పాతిక ఎక్కాలూ ఉండేవి. కళ్లంలో ధాన్యం కొలిచేచోట, సంతలో బేరం కుదిరేచోట అవి నోటికి వచ్చినవాడి మాటే చెల్లేది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. ఆ వెంటనే కిలోలు, మీటర్లు, లీటర్లు వచ్చాయి. పిల్లలకు ఇది పెద్ద ఊరట. ఇప్పటి మూడో తరగతిలో వేల స్థానం దాకా సంఖ్యలు, స్థానమార్పిడితో కూడికలు, తీసివేతలు, గుణకారం, భాగహారం మొదలు, సగం, పావు, మీటరు, సెంటీమీటరు, గడియారం చూడటం ఉంటాయి. అన్నిటికీ పదే ఆధారం. అయితే అణాల కాలంలో బజారు లెక్కా, బడి లెక్కా ఒకటే. ఇప్పుడు పావు కిలో బెండకాయల ధర ఎంతో తేల్చమంటే, పుస్తకంలో అవే అంకెలు చేయగలిగిన పిల్లలు కూడా ఆగిపోవడం మామూలైంది. ఈ ఎడాన్ని పూడ్చడం టీచర్ల చేతుల్లోనే ఉంది. రైతుబజారు ధరల బోర్డును తరగతిలోకి తెచ్చినవాళ్ల పిల్లలకు భాగహారం త్వరగా పట్టుబడుతుంది.

మన జిల్లా

పరిసరాల పాఠానికి పాత సూత్రం ఒకటుంది. దగ్గరిది ముందు, దూరానిది తర్వాత. ఇల్లు, బడి, ఊరు, జిల్లా, రాష్ట్రం అనే వరస అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఏళ్లు పరిసరాల విజ్ఞానం రెండు భాగాలుగా ఉండేది. మొదటిది సైన్సు, రెండోది సాంఘికం. 2012లో వచ్చిన కొత్త పుస్తకాల్లో మూడో తరగతికి రెండూ కలిసిపోయాయి.

కృష్ణా జిల్లా పిల్లలకు జిల్లా పటం ఎప్పుడూ స్థిరంగా లేదు. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు కలిపి కృష్ణా జిల్లా చేశారు. అప్పటి పటంలో నది జిల్లా నడిమధ్యలో ఉండేది. 1904లో గుంటూరు వేరుపడ్డాక నదే దక్షిణపు హద్దయింది. 1925లో పశ్చిమ గోదావరి విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న విజయవాడ ముఖ్యపట్టణంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడి, కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. ముత్తాత ఏలూరునూ, తండ్రి విజయవాడనూ తమ జిల్లాలో ఉన్నాయని చదివారు. అవనిగడ్డలో ఇప్పుడు చదివే పిల్లకు విజయవాడ పొరుగు జిల్లా.

పటం ఎలా మారినా నీళ్ల పాఠం మారలేదు. విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. 1952లో అది తెగింది. దాని చోట ప్రకాశం బ్యారేజీ 1957లో సిద్ధమైంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యనుంచే పారుతున్నాయి. నీరు, రవాణా, ఇళ్లు, పంటలు, వృత్తులు అనే మూడో తరగతి పాఠాలన్నిటికీ ఈ కాలువగట్లు చాలు. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో బొమ్మలు చెక్కేవాళ్లు, పెడనలో కలంకారీ అద్దేవాళ్లు, గిలకలదిండిలో వలలు అల్లేవాళ్లు పాఠానికి నడిచొచ్చే మనుషులు. రాష్ట్రం మొత్తానికి ఒకే పుస్తకం కావడం వల్ల ఈ పేర్లన్నిటికీ పుస్తకంలో చోటు దొరకడం కష్టం. జిల్లా వారీగా ఒక చిన్న పరిసరాల పుస్తకం ఉంటే ఈ లోటు తీరుతుంది.

తెలుగు, ఇంగ్లీషు

20వ శతాబ్దం తొలి దశల్లో గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు బడి పుస్తకం మాట్లాడే భాషలో ఉండాలని పోరాడారు. బాలవ్యాకరణం పద్ధతి గ్రాంథిక తెలుగు వాచకాల నుంచి తప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు మూడో తరగతి ‘తెలుగు తోట’లో కథలు, గేయాలు, శతక పద్యాలు అన్నీ చదివితే అర్థమయ్యే తెలుగులోనే ఉంటాయి. ఈ తరగతిలో తెలుగుకు అసలు పరీక్ష సంయుక్తాక్షరాలు. ‘చెరువు’, ‘పలక’ సాఫీగా చదివే పిల్లలు ‘రాష్ట్రం’, ‘స్నేహం’ దగ్గర కూడబలుక్కుంటారు. ఒత్తులు పట్టుబడితే ఏ పుస్తకమైనా వాళ్ల చేతికి చిక్కుతుంది.

ఇంగ్లీషు ఒకప్పుడు పై తరగతుల్లో మొదలయ్యేది. తర్వాత మూడో తరగతికి దిగింది, ఇంకా తర్వాత ఒకటో తరగతికి. 2019 నవంబరులో ప్రభుత్వం ఒకటి నుంచి ఆరు దాకా అంతా ఇంగ్లీషు మీడియం అని ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఏడే ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. రెండు పేజీలూ పక్కపక్కనే ఉండటం పిల్లలకు మేలే. ఇంగ్లీషు పేజీ అందనప్పుడు తెలుగు పేజీ చేయందిస్తుంది. 2023లో మూడో తరగతి నుంచి టోఫెల్ పరీక్షకు తయారుచేసే కార్యక్రమం కూడా వచ్చింది.

కొలత, చోటు

జాతీయ విద్యా విధానం 2020 రెండో తరగతితో పునాది దశను ముగించి, మూడు నుంచి ఐదు దాకా సన్నాహక దశ అంది. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం 2026–27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడూ నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9,999 దాకా సంఖ్యలు రాయగలగాలి. ప్రత్యయాలన్నీ అంటుకుని మాటలు పొడవయ్యే తెలుగుకు ఈ 60 లెక్క పూర్తిగా నప్పదు. 2022లో మూడో తరగతి పిల్లల మీద జరిగిన జాతీయ అధ్యయనం భాష భాషకూ వేరే ప్రమాణం పెట్టింది. అది సరైన పని. 2024 డిసెంబరు 4న పరఖ్ సర్వే దేశమంతటా మూడు, ఆరు, తొమ్మిది తరగతులను పరీక్షించింది.

ఈలోగా ఈ తరగతి చోటే కదిలింది. 2022 జూన్ 10న వచ్చిన జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లలో కలిపారు. సబ్జెక్టుకో టీచరు చెబుతారని ప్రభుత్వం వాదించింది. చిన్నపిల్లలు కాలువ వంతెనలు, రోడ్లు దాటి వెళ్లాలని తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు అడ్డు చెప్పాయి. ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలిన చోట్ల, చెల్లెలిని అక్కడ దింపి అక్క హైస్కూలుకు నడవాల్సి వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లలకు సబ్జెక్టు నిపుణుల కంటే రోజంతా తమతోనే ఉండి, ఎవరికి ఎక్కడ ఒత్తులు తప్పుతున్నాయో ఎరిగిన ఒక టీచరే ఎక్కువ అవసరం. 2025లో ప్రభుత్వం జీవో 117ను రద్దు చేసి, తరగతికి ఒక టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లను ఏర్పాటు చేసింది. చాలా చోట్ల మూడో తరగతి తిరిగి ప్రాథమిక పాఠశాలకు చేరింది.