రెండో వాటా

మన పట్టణాల చరిత్రలు తిరగేస్తే రాజులుంటారు, ఆనకట్టలుంటాయి, సినిమాహాళ్ళూ ఉంటాయి. ఇంటి ముందుభాగాన్ని అద్దెకిచ్చి, వెనకభాగంలో ఆరుగురు పిల్లలతో సర్దుకుని కాపురం చేసిన బడిపంతులూ, రైల్వే గుమాస్తా మాత్రం నాకెక్కడా తగల్లేదు. అతడు జమీందారు కాడు, బిల్డరూ కాడు. అద్దెకున్నవాళ్ళ నోట "ఇంటాయన", మునిసిపాలిటీ రిజిస్టర్లో ఒక అసెస్‌మెంటు నంబరు, అంతే. అయినా విజయవాడ సత్యనారాయణపురం వంటి పేటలను కట్టింది ఎక్కువగా ఇలాంటివాళ్ళే. మా తాతయ్య కూడా వారిలో ఒకడు కనుక ఈ టపాలో కాస్త పక్షపాతం కనిపిస్తే మిత్రులు మన్నించాలి.

అద్దెల మీద సర్కారు చేయి పడింది రెండో ప్రపంచయుద్ధ కాలంలో. ఊళ్ళు కిక్కిరిశాయి, ఇటుకా సిమెంటూ దొరకలేదు, అద్దెలు ఆకాశానికంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో యుద్ధకాలపు ఉత్తర్వులుగా మొదలైన అదుపు 1946లోనూ, ఆపైన 1949లోనూ చట్టరూపం ధరించింది. తెలంగాణ ప్రాంతానికి 1954లో హైదరాబాదు చట్టం వేరుగా వచ్చింది. రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీచేయింపు) నియంత్రణ చట్టం వచ్చింది. యుద్ధం ముగిసి పదిహేనేళ్ళు గడిచినా ఆ చట్టం యుద్ధాన్ని మరచిపోలేదు. "న్యాయమైన అద్దె" తేల్చడానికి అది చూడమన్నది 1944 ఏప్రిల్ 5కు ముందరి పన్నెండు నెలల్లో ఆ పేటలో నడిచిన అద్దెను. దానిమీద చట్టం అనుమతించిన శాతమేదో కలుపుకోవచ్చు. అడ్వాన్సు ఒక్క నెలకు మించి పుచ్చుకోరాదు. వాటా ఖాళీ అయితే పది రోజుల్లోగా సంబంధిత అధికారికి తెలియజేయాలి. ఆయనకు అవసరమనిపిస్తే దాన్ని ప్రభుత్వోద్యోగికి కేటాయిస్తాడు.

ఇన్ని బంధాలుంటే కొత్తగా ఇల్లు కట్టి అద్దెకిచ్చేదెవరు? ఈ ప్రశ్న ఏలినవారికీ తోచింది. అందుకే 32వ సెక్షన్లో ఒక చిన్న కిటికీ తెరిచారు. 1957 ఆగస్టు 26న గానీ, ఆ తరువాత గానీ కట్టిన భవనాలకు ఈ చట్టం వర్తించదన్నారు. ఆ కిటికీలోంచే ఒక తరం మధ్యతరగతి ఇంటియజమానులు లోపలికి వచ్చారని నా అభిప్రాయం. పక్కపక్కనే రెండిళ్ళు: ఒకటి 1955 నాటిది, మరొకటి 1958 నాటిది. మొదటిదానికి న్యాయమైన అద్దె, కంట్రోలరు కోర్టు. రెండోదానికి ఇద్దరూ మాట్లాడుకున్నదే అద్దె. ఆ ఒక్క తేదీ మా తాతయ్యకు పిల్లల పుట్టినరోజులకంటే బాగా గుర్తు.

ఆయన 1961లో రెండు వందల గజాల స్థలంలో నాలుగు గదులు వేశాడు. అమ్మమ్మ గాజులు కుదువబెట్టిన డబ్బూ, చీటీ పాడిన డబ్బూ, ఆఫీసులో తీసిన అప్పూ కలిపి తొమ్మిది వేలయిందట. ముందు రెండు గదులూ, వీధి అరుగూ నెలకు 35 రూపాయలకు ఇచ్చాడు. ఏడాదికి 420. పెట్టుబడిలో నూటికి ఐదు కూడా లేదు. కాని ఆయన లెక్క వేరు: ఆ 35 చీటీకి పోవాలి, జీతం ఇంటికి రావాలి. ఆరేళ్ళు అలా గడిపి 1967లో మేడమీద మరో వాటా కట్టాడు. దాని అద్దె 60. స్థలం కొనకుండా ఇల్లు పెంచుకునే మార్గమది. ఆనాటి డాబాల పిట్టగోడలపైకి పొడుచుకొచ్చిన ఇనుపచువ్వలు ఆ ఆశకు గుర్తులు. వర్షాలకు అవి తుప్పుపట్టి వంగిపోయిన ఇళ్ళు కూడా ఎన్నో చూశాను.

వచ్చినవారిని ఆయన మొదట అడిగేది ఉద్యోగం గురించి కాదు, కులం గురించి. ఆ మాట ఇక్కడ రాయకపోతే చరిత్ర కాదు, శ్రాద్ధభోజనపు పొగడ్త అవుతుంది. "శాకాహారులకు మాత్రమే" అన్న బోర్డు మా గేటుకు నా చిన్నతనమంతా వేలాడింది. ఆ బోర్డు చదివి తలుపు తట్టకుండానే వెనుదిరిగినవారికి చట్టం నిర్ణయించే న్యాయమైన అద్దెతో పనేముంది?

ఇక 1983. అప్పటికి మేడమీద ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం ఎనిమిదేళ్ళుగా ఉంటోంది. అద్దె 180కి చేరింది. సెప్టెంబరులో తాతయ్య 250 అడిగాడు. ఆయన ఆలోచించుకుని చెబుతానన్నాడు. అక్టోబరు 26న మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. కొత్త నిర్మాణాలను ప్రోత్సహించడానికి ఆ మినహాయింపు మొదట్లో సమంజసమే కావచ్చు, కాని పాతికేళ్ళు దాటాక కూడా 1957 తేదీని పట్టుకుని అద్దెదారులను రెండుగా చీల్చడం సమానత్వానికి విరుద్ధం అని కోర్టు ఆ క్లాజును కొట్టివేసింది. కాలం గడవడం వల్లనే ఒక చట్టం చెడిపోవచ్చునన్న ఆ తర్కం నాకు చాలా నచ్చుతుంది. తాతయ్యకు మాత్రం ఎన్నడూ నచ్చలేదు.

ప్రభుత్వం ఆ డిసెంబరు 29న మరో ఉత్తర్వు ఇచ్చింది. కట్టి పదేళ్ళు నిండని భవనాలకూ, నెలకు వెయ్యి రూపాయలు మించిన అద్దెలకూ మినహాయింపు. మా మేడకు అప్పటికి పదహారేళ్ళు, అద్దె 180. రెండు విధాలా మేము చట్టం చేతికి చిక్కాము.

బ్యాంకాయన 250 ఇవ్వనన్నాడు. తాతయ్య 180 పుచ్చుకోనన్నాడు. ఇందులో ఒక ఎత్తు ఉంది. అద్దె బకాయి పడితే, అది బుద్ధిపూర్వకమైన ఎగవేత అని రుజువైతే, ఖాళీచేయించవచ్చు. కనుక యజమాని పుచ్చుకోకుండా బకాయిని పుట్టిస్తాడు. చట్టం రాసినవారు ఈ ఎత్తును ముందే ఊహించి 8వ సెక్షన్లో విరుగుడు పెట్టారు: యజమాని నిరాకరిస్తే, అద్దె జమకట్టడానికి పది రోజుల్లోగా ఒక బ్యాంకు పేరు చెప్పమని అద్దెదారు నోటీసివ్వాలి. చెప్పకపోతే మనియార్డరు చెయ్యాలి, కమీషను అద్దెలోంచే మినహాయించుకోవచ్చు. దాన్నీ తిప్పికొడితే కంట్రోలరు వద్ద జమకట్టాలి.

బ్యాంకాయన అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాడు. పన్నెండు మెట్ల పైనుంచి నోటీసు రిజిస్టరు పోస్టులో వచ్చింది. తరువాత మనియార్డరు. మొదటి రెండు తాతయ్య తిప్పికొట్టాడు. ఇక లాభం లేదని వకీలు చెప్పాక, "నా హక్కులకు భంగం లేకుండా" అని గొణుగుతూ సంతకం చేయడం మొదలుపెట్టాడు. ప్రతినెలా మేడమీది డబ్బు తపాలా కార్యాలయం దాకా వెళ్ళి, సైకిలెక్కి, కమీషను పోగొట్టుకుని మా అరుగుమీదకు వచ్చేది. ఆ ఆరేళ్ళూ మగవాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. బ్యాంకాయన భార్య మాత్రం అమ్మమ్మను "అత్తయ్యగారూ" అనడం మానలేదు, కుళాయి దగ్గర వంతులూ తప్పలేదు.

ఎవరిది న్యాయం? 180 రూపాయలతో ఆ మేడకు సున్నం కూడా పడదన్నది నిజం. మూడు నాలుగేళ్ళకోసారి పిల్లలను బడి మార్పించి ఇల్లు వెతుక్కోవలసిన బాధ కూడా నిజమే. అద్దెను కాలంతోబాటు కదలనిచ్చి, మనిషిని కదిలించకుండా ఉండే చట్టం కావలసింది. 1940 నాటి అద్దెలను గడ్డకట్టించిన బొంబాయి చట్టం గురించి 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంచుమించు ఇదే చెప్పింది, గడ్డకట్టిన అద్దె న్యాయమైనది కాదని.

1990లో బ్యాంకాయన సొంతిల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. అందులో ముందు వాటా అద్దెకిచ్చాడని విని తాతయ్య చాలాసేపు నవ్వాడు. కొత్త ఇల్లు గనుక పదేళ్ళదాకా ఆయనకు చట్టం బెడద లేదు. మా మేడకు ఆనాటి రేటు 900. తాతయ్య 1,050కి రాయించి, కరెంటు బిల్లూ కుళాయి పన్నూ తానే కట్టుకుంటానని ఒప్పుకున్నాడు. వెయ్యి దాటింది గనుక ఇక ఆస్తి బదిలీ చట్టం, పదిహేను రోజుల నోటీసు, సివిల్ కోర్టు. శాసనసభ రద్దు చేయకపోయినా ధరలే ఏటేటా ఒక్కొక్క ఇంటిని ఆ చట్టంలోంచి బయటకు లాగేశాయి. 2005లో హద్దును నగరపాలక సంస్థల్లో 3,500కూ, ఇతర చోట్ల 2,000కూ పెంచి, పదేళ్ళను పదిహేను చేసేనాటికి లోపల మిగిలినవి చాలావరకు పాత దుకాణాలూ, పాత వాటాలే.

ఈలోగా 1987లో అపార్టుమెంట్ల చట్టం వచ్చింది. తరువాత ఇంటిరుణాలు వచ్చాయి. చిన్న యజమాని వాటా కట్టడం మాని రెండో ఫ్లాటు కొనడం నేర్చుకున్నాడు. నాకూ కూకట్‌పల్లిలో ఒకటుంది. దాని అద్దె రుణవాయిదాలో సగానికి కూడా రాదు. తాతయ్య నూటికి ఐదును తలుచుకుని అసూయపడే రోజులివి. పదకొండు నెలల ఒప్పందం స్టాంపు వెండరే టైపు చేసి ఇస్తాడు. ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషను అవసరమన్న పాత నిబంధనవల్ల పుట్టిన అలవాటది. 1999లో ఆంధ్రప్రదేశ్ సవరణ లీజులన్నిటికీ రిజిస్ట్రేషను తప్పనిసరి చేశాక ఆ పదకొండుకు అర్థం లేదు. ఆ సంగతి తెలిసే సంతకం పెట్టాను. కుర్రవాడు ఒకటో తారీఖున ఫోనులోనే డబ్బు పంపిస్తాడు. అతని ముఖం నేను రెండుసార్లు చూశాను.

తాతయ్య పోయాక ఆ మనియార్డరు కూపన్ల కట్ట నాకు దక్కింది. ప్రతిదాని మీదా నెల పేరూ, అంకె మాత్రమే ఉంటాయి. ఆఖరిదాని మీద మాత్రం అదే చేతిరాతతో ఇంకో మాట రాసి ఉంది: "ఇంతటితో సరి. తాళంచెవి అత్తయ్యగారికి ఇచ్చాము."