రెండున్నర సెంట్ల చుక్క

జనవరి నెల. పొద్దున పది దాటింది. ప్రత్తిపాడు నుంచి పర్చూరు వైపు వెళ్లే రోడ్డు దిగి, పొలాల మధ్య డొంకలోకి వచ్చారు మీరు. కాళ్ల కింద నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. ఎడమవైపు పత్తి చేను. ఆకు చాలావరకు రాలిపోయి, కట్టె నిలబడి, చివరి తీతకు అక్కడక్కడా తెల్లగా విచ్చుకున్న కాయలు. కుడివైపు మిరప. మొక్క నిండా ఎరుపు, కొమ్మ చివర్లలో ఇంకా తెల్లటి పూత. గట్టు మీద నీలం రంగు జిగురు అట్టలు కర్రలకు కట్టి ఉన్నాయి. కోతకు వచ్చిన ఆడవాళ్లు తలకు తువ్వాళ్లు చుట్టుకుని సాళ్లలో వంగి ఉన్నారు. చేలోకి రెండడుగులు వేయగానే మీకు దగ్గు వస్తుంది. వాళ్లకు రాదు.

ముఠాలో పెద్దామె ఒక పువ్వు తుంచి అరచేతి మీద తట్టింది. "చూడయ్యా, నల్లగా పాకుతున్నయ్యే, అయ్యే." కళ్లు చికిలించి దగ్గరగా చూస్తే తప్ప కనిపించవు. ఆవగింజంత కూడా లేని నల్ల తామర పురుగులు అరచేతి గీతల్లో పరుగెడుతున్నాయి. 2021 శీతాకాలంలో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం మిరప తోటల పూతనంతా రాల్చేసింది ఈ పురుగే. పీకేసి దున్నేసిన తోటలు ఆ ఏడాది ఎన్నో.

చేను చేస్తున్న మనిషి గట్టు మీదకు వచ్చాడు. మీరు ఉపగ్రహాల సంగతి ఎత్తారని తెలిసి, అతను అడిగేది ఒకటే మాట: "పైనించి చూస్తే నా చేను కనపడిద్దా అండీ?"

కనపడుతుంది. ఇప్పుడే, ఈ పదిన్నర ప్రాంతంలోనే. తల ఎత్తండి. ఏమీ లేదు, లేత నీలం ఆకాశం, దూరంగా ఒక గద్ద. దానికి ఎంతో పైన, 786 కిలోమీటర్ల ఎత్తున, యూరప్ వాళ్ల సెంటినెల్-2 జంటలో ఒకటి ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతోంది. గుంటూరు మిరప యార్డు మీద నుంచి మీ తల మీదకు రావడానికి దానికి పట్టేది రెండు మూడు సెకన్లు. ఇక్కడ పెద్దామె ఒక కాయ కోసి బుట్టలో వేసేలోపు, నల్లమల వైపు నుంచి సముద్రం వైపుకు 290 కిలోమీటర్ల వెడల్పున నేలను చూసి వెళ్లిపోయింది. జంటగా తిరుగుతాయి కాబట్టి అయిదు రోజులకొకసారి మళ్లీ వస్తాయి.

ఇప్పుడు మీరూ పైకి లేవండి. మనుషులు ముందు మాయమవుతారు, తర్వాత నీలం అట్టలు, తర్వాత సాళ్లు. చెరువు, రోడ్డు, ఊరు గళ్లుగా విడిపోతాయి. చివరికి చేను చుక్కలుగా మారుతుంది. ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లు పొడవు, పది మీటర్లు వెడల్పు, మన లెక్కలో సుమారు రెండున్నర సెంట్లు. ఎకరానికి నలభై చుక్కలు. కింద గట్టు మీద నిలబడ్డ మనిషిది రెండెకరాల చేను. ఎనభై చుక్కల్లో అతని ఏడాది అంతా ఉంది.

ఇంత చిన్న చుక్క ఇంత తరచుగా చేతికి రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. 1987-88లో ఇదే గుంటూరు, ప్రకాశం మెట్టలో తెల్లదోమ, కాయతొలుచు పురుగు పత్తిని తినేశాయి. మందుల అప్పులు తీర్చలేక రైతులు అవే మందులు తాగారు. ఆ శీతాకాలం ముగిసే వేళకు, 1988 మార్చి 17న, మన తొలి పూర్తిస్థాయి దూర సంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ సోవియట్ దేశపు బైకనూర్ నుంచి పైకి వెళ్లింది. దాని మొదటి కెమెరా చుక్క 72.5 మీటర్లు. అంటే ఎకరం ముప్పై సెంట్లు కలిపి ఒకే చుక్క! చిన్న రైతు చేను పక్కవాడి చేలో కలిసిపోయేది. ఇప్పటి రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల్లో ఒక కెమెరా చుక్క 23.5 మీటర్లు, మరొకటి 5.8 మీటర్లు. ఆ రెండోది సెంటు నేలను కూడా విడిగా పట్టుకుంటుంది. కాకపోతే దాని చూపు సన్నని పట్టీ, ఒకే చోటికి తరచుగా రాదు. అందుకే ఒక దేశపు కన్ను సరిపోదు. 2018 మార్చిలో మన అంతరిక్ష విభాగమూ యూరోపియన్ కమిషనూ ఉపగ్రహ చిత్రాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒప్పందం రాసుకున్నాయి. సెంటినెల్ చిత్రాలకు రుసుము లేదు. ఎవరైనా, ప్రత్తిపాడు కుర్రాడైనా, దించుకోవచ్చు.

సరే, మీరు ఇప్పుడు హైదరాబాద్‌కు దక్షిణాన షాద్‌నగర్‌లో ఉన్నారు. పెద్ద పెద్ద గిన్నె యాంటెన్నాలు ఆకాశంలో కదిలే దాన్ని వెంటాడుతూ మెల్లగా తిరుగుతున్నాయి. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం మన ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునేది ఇక్కడే. లోపల తెర మీద మన మెట్ట ప్రాంతం. అయితే రంగులు మారాయి. కంటికి పచ్చగా ఉండే తోటలు తెర మీద రక్తంలా ఎర్రగా ఉన్నాయి. ఆకు ఎర్రటి వెలుగును తాగేస్తుంది, మన కంటికి ఆనని పరారుణ కాంతిని మాత్రం గట్టిగా తిప్పికొడుతుంది. ఆ కనిపించని కాంతికి తెర మీద ఎరుపు రంగు ఇచ్చారు. ఎంత ఆరోగ్యంగా ఉంటే అంత చిక్కటి ఎరుపు. ఇక కళ్లంలో ఆరబోసిన మిరపకాయ, నిజంగా ఎర్రనిది, ఎర్రటి వెలుగునూ పరారుణాన్నీ రెంటినీ తిప్పికొడుతుంది కాబట్టి ఇక్కడ పసుపు ఛాయలోకి పోతుంది.

మీరు గట్టు మీద నిలబడి చూసిన రెండు చేలను ఈ తెర మీద వెతకండి. ఎర్రటి చుక్కల గుంపు మిరప, వెలిసిన గోధుమ రంగుది పత్తి. ఇవాళ తేలిగ్గానే తెలుస్తోంది. అక్టోబరులో తెలియదు. అప్పుడు రెండూ పచ్చన, రెండూ తెర మీద ఎరుపే. అందుకని ఒక్క చిత్రం చాలదు, వరసబెట్టి చూడాలి. తొలకరికి గింజ పెట్టిన పత్తి అక్టోబరు, నవంబరుల్లో నిండుగా ఉండి, డిసెంబరు నాటికి వాడుముఖం పడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు నాటిన మిరప డిసెంబరు, జనవరుల్లో పరువానికి వస్తుంది. ఈ ఎక్కుదిగుళ్లను బట్టే పంటను గుర్తుపడతారు. ఢిల్లీలో 2012 నుంచి పనిచేస్తున్న మహలనోబిస్ జాతీయ పంటల అంచనా కేంద్రం కూడా పత్తి విస్తీర్ణాన్నీ దిగుబడినీ ఇలాంటి చిత్రాలతోనే ముందుగా లెక్క కడుతుంది.

కానీ ఏ లెక్కయినా మొదలవ్వాలంటే ఎవరో ఒకరు ఆ గట్టు మీద నిలబడి "ఇది మిరప, అది పత్తి" అని చెప్పాలి. కొన్ని వందల చోట్ల అలా చెప్పించుకున్నాకే యంత్రం మిగతా లక్షల చుక్కలకు పేర్లు పెట్టగలదు. ఇది కొత్త సంగతేమీ కాదు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ మన సీమను పటాల్లోకి ఎక్కించినప్పుడు ఆయనకు కళ్లూ చెవులూ అయినవాళ్లు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. ఊరూరా తిరిగి, కరణాలను అడిగి, ఊరి చరిత్రలైన కైఫీయతులు సేకరించినవాళ్లు వాళ్లే. ఆ పని ఇవాళ రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుల చేతిలో ఉంది. చేలోకి వచ్చి, ఫోన్‌లో చేను ఫోటో తీసి, అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో ఎక్కించి, రైతు చేత వేలిముద్ర వేయిస్తారు. అంతరిక్ష సంస్థ ఎంత పెద్దదైనా ఆ ఒక్క ఫోటో దగ్గర ప్రత్తిపాడు మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు కాలం కాస్త వెనక్కి తిప్పండి. 2023 డిసెంబరు 5. మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మీరు ఇదే గట్టు మీద ఉన్నారు, అయితే గట్టు ఎక్కడుందో తెలియడం లేదు. తడిసిన రేగడి నీళ్లను త్వరగా పీల్చుకోదు. మిరప సాళ్లలో నీళ్లు, విచ్చిన పత్తి తడిసి ముద్దయి కట్టెకు వేలాడుతోంది. పైన మబ్బు కప్పు. ఈ రోజు సెంటినెల్-2 వచ్చినా, రిసోర్స్‌శాట్ వచ్చినా తెల్లటి మబ్బు తప్ప ఏమీ చూడవు. సరిగ్గా అక్కరకొచ్చే వేళకు కెమెరాకు గుడ్డితనం.

రాడారుకు మబ్బు అడ్డం కాదు. తన తరంగాన్ని తానే పంపుతుంది, తిరిగి వచ్చినదాన్ని వింటుంది. చీకట్లోనూ వింటుంది. నిలిచిన నీరు నున్నగా ఉంటుంది కాబట్టి తరంగం అవతలికి జారిపోయి ఆ చోటు నల్లగా పడుతుంది. నీళ్లలోంచి కట్టె పైకి నిలిచి ఉంటే తరంగం నీటికీ కట్టెకూ తగిలి వెనక్కి వచ్చి, చేను మెరుస్తుంది. ఆ రెండు ఛాయల తేడాలో ఏ చేను మునిగింది, ఏ చేను నిలిచింది అన్నది ఉంది. మన ఈఓఎస్-04 రాడారు ఉపగ్రహం 2022 ఫిబ్రవరి 14న పైకి వెళ్లింది ఇలాంటి పనికే.

2025 జులై 30 సాయంత్రం, ఇక్కడికి దక్షిణాన శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ రాకెట్టు మరొకదాన్ని మోసుకెళ్లింది. నిసార్. అమెరికా నాసా, మన ఇస్రో కలిసి కట్టినది. 2014 సెప్టెంబరులో సంతకాలు పెట్టుకున్న పని, పదకొండేళ్లకు నింగికెక్కింది. అందులో పొడవు తరంగపు ఎల్-బ్యాండ్ రాడారు వాళ్లది, పొట్టి తరంగపు ఎస్-బ్యాండ్ రాడారు మనది. రెంటికీ కలిపి పన్నెండు మీటర్ల జల్లెడ గొడుగు ఒక్కటే. పొడవు తరంగం ఆకుల మధ్య నుంచి దూరి నేల తడిని కూడా పసిగడుతుంది. పన్నెండు రోజులకోసారి భూమి మీద నేలంతా చుట్టి వస్తుంది. మన ఎస్-బ్యాండ్ తీసిన తొలి చిత్రం 2025 ఆగస్టులో, గోదావరి డెల్టాది. మడ అడవులు, పంట పొలాలు, చేపల చెరువులు అందులో వేరువేరుగా కనిపించాయి. కృష్ణకు ఇవతల ఉన్న మన మెట్టకు కూడా అదే కన్ను వస్తుంది. నాకు ఇది రాకెట్టు విజయం కంటే పెద్ద వార్త.

ఇంతసేపూ మిమ్మల్ని మాటలతో ఎగరేశాను. దీన్ని కళ్లకు తగిలించుకుని చేసే సాధనమూ ఉంది. 2016 నవంబరులో గూగుల్ తన భూగోళాన్ని వర్చువల్ రియాలిటీలో పెట్టింది. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఉపగ్రహ చిత్రాలతో అల్లిన నేల మీద మనమే ఎగురుతాం. మన ఇస్రో భువన్ 2009 ఆగస్టు 12 నుంచి మామూలు కంప్యూటరు మీదే మన ఊళ్లను చూపిస్తోంది. నా కోరిక ఒకటి: ఆ కళ్లజోడు నగరాల్లో ప్రదర్శనశాలల్లోనే ఆగిపోకూడదు. రైతు సేవా కేంద్రంలో బెంచీ మీద పెట్టాలి. పోయిన ఏడాది డిసెంబరుకూ ఈ డిసెంబరుకూ తన చేలో ఏ మూల వెలిసిపోయిందో రైతు చూడాలి. పక్కన ఉన్న శాస్త్రవేత్త తెలుగులో చెప్పాలి.

మళ్లీ గట్టు మీదకు దిగుదాం, ఎందుకంటే ఏ ఉపగ్రహానికీ కనపడనిది ఇక్కడ ఒకటుంది. ఆ రెండెకరాలు చేస్తున్న మనిషికి ఆ పొలం సొంతం కాదు, కౌలు. పాసుపుస్తకంలో మరొకరి పేరు. పెట్టుబడి ఇతనిది, పురుగుతో పోరాటం ఇతనిది, తుపాను నష్టం ఇతనిది. ఎనభై చుక్కలు ఎర్రగా మారినా, నల్లగా మునిగినా ఏ చుక్క మీదా ఇతని పేరు ఉండదు. 2019లో రాష్ట్రం పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. కానీ ఆ చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు కావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. ఒక దేశపు రాడారూ మరో దేశపు రాడారూ ఒకే గొడుగు కింద పనిచేయగలిగాయి. ఒక ఊళ్లో పొలం ఉన్నవాడూ పొలం చేసేవాడూ ఒక కాగితం మీద సంతకం పెట్టలేకపోతున్నారు. నష్టపు పటం ఎంత నిఖార్సయినదైనా పరిహారం ఎవరి ఖాతాలో పడాలో తేల్చేది ఆ కాగితమే.

కౌలుకు చేస్తున్నవాళ్లు ఈ-పంట గడువు దాటకముందే చేలో నిలబడి మీ పేరుతో ఎక్కించుకోండి. పొలం ఇచ్చినవాళ్లు, ఆ ఒక్క సంతకం పెట్టండి.