ఒక విద్యయా? పలు విద్యలా?

అమెరికా దేశమున విస్కాన్సిన్ రాష్ట్రమందు లేక్ జెనీవా యను చిన్న పట్టణము కలదు. 1974వ సంవత్సరమున అచ్చటినుండి మూడు చిన్న పుస్తకములు ఒక పెట్టెలో నమర్పబడి వేయి ప్రతులుగా వెలువడినవి. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు వాని కర్తలు. ఆ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకరు సూత్రధారియై కథ నడుపుదురు. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, తమ పాత్ర యేమి చేయునో నోటితో చెప్పుదురు. ఫలితము సందేహమైనచోట పాచికలు తీర్పు చెప్పును. మన పెద్దలకు యక్షగానము తెలియును, పాచికలును తెలియును. రెంటిని కలిపిన యాట యనుకొన్నచో చాలును.

పాత్రను ఒక్క విద్యయందు ఆరితేర్చవలెనా, అన్నింటను కొంచెము కొంచెముగా దిద్దవలెనా యను తగవు ఈ యాటతోనే పుట్టినది.

మొదటి పుస్తకములలో ఆటగానికి ఎన్నుకొను స్వేచ్ఛ తక్కువ. బలము, బుద్ధి, వివేకము, దేహదార్ఢ్యము, చురుకుదనము, ఆకర్షణ యను ఆఱు గుణములకును మూడేసి పాచికలు వేయవలెను. మూడు పాచికలపై 18 పడుట 216 విధములలో ఒక్కటి. 10 గాని 11 గాని పడుట 54 విధములు. అనగా విధి చాలమందిని సామాన్యులనుగానే పుట్టించెడిది. కాని నియమములు సామాన్యుని ఆదరింపలేదు. యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు అని వృత్తులు మూడు. తన వృత్తికి ముఖ్యమైన గుణము 15 గాని అంతకు మించి గాని యున్నవానికి అనుభవఫలము నూటికి పది యెక్కువ. 6 గాని అంతకు తక్కువ గాని యున్నవానికి నూటికి ఇరువది కోత. మొదటినుండియు త్రాసు ఏకవిద్యవైపే మొగ్గినదన్నమాట.

1975లో వచ్చిన గ్రేహాక్ అను అనుబంధములో దొంగ యను నాలుగవ వృత్తి చేరినది. తాళములు విప్పుట, ఉచ్చులు తొలగించుట వాని పని. నా దృష్టిలో ఇదియే పెద్ద మలుపు. అంతకుముందు తలుపు మూసియున్నచో అందఱును తలయొక యుపాయము చెప్పెడివారు. పిదప అందఱును దొంగ ముఖము చూడసాగిరి. ఆ వేషము ధరించువాడు ఆనాడు జ్వరపడి రాకపోయినచో బిడారు తలుపుకడనే నిలిచిపోవును.

1977లో స్టీవ్ జాక్సన్ రచించిన మెలీ యను చిన్న యాట పాత్రసృష్టిలో పాచికలను తొలగించినది. బలమునకు, చురుకుదనమునకు కలిపి 24 అంకములు; పంచుకొనుట ఆటగాని యిష్టము. బలము పెంచినచో బరువైన కత్తి యెత్తగలడు, ఎక్కువ గాయములు సహింపగలడు. కాని దెబ్బ తగులుట చురుకుదనముపై నాధారపడినది. లోపము విధిది కాదు, ఇక తనదే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడవ కూర్పు 2000లో వచ్చినది. అందు చెప్పిన యొక పద్ధతి ప్రకారము 25 అంకములతో గుణములు కొనుక్కొనవలెను. ప్రతి గుణమును 8తో మొదలగును. 14 వఱకు మెట్టు కొక అంకము, పిదప రెండు, తుదకు మూడు. ఒక్క గుణమును 18 చేయుటకు 16 ఖర్చగును. అన్నింటిని 12 చేయుటకు 24 చాలును. అందఱి బేరమును 12లదే యని తోచును. అయినను అనేకులు 18నే కొనిరి. కారణమున్నది. 12 గలవానికి పాచికపై ఒకటి కలియును, 18 గలవానికి నాలుగు. ఇరువది ముఖముల పాచికలో ఈ భేదము మూడు ముఖములే. కాని కత్తివాడు రాత్రి యంతయు త్రిప్పునది కత్తియే గదా! వాని మూడు ముఖములు నలువదిసార్లు పనికివచ్చును. వాని మందబుద్ధి యొకటి రెండు సారులు బయటపడును. అప్పుడు ప్రక్కనున్న మాంత్రికుడు కప్పిపుచ్చును.

ఐనను ఈ లెక్కలో ఒకటి తప్పిపోవుచున్నది. యుద్ధము లేని సభలో కత్తివాని పాత్రధారి గంటసేపు గోళ్లు గిల్లుకొనుచు కూర్చుండును. విరటుని కొలువున భీముడు గద విడిచి గరిటె పట్టెను, అర్జునుడు నాట్యము నేర్పెను. ఆ రెండవ విద్యలు లేకున్న ఆ సంవత్సరము వారికెట్లు గడచెడిది? కాలక్షేపమునకు వచ్చిన స్నేహితుడు విసుగుతో ఇల్లు చేరుటకంటె పాచికలో మూడు ముఖములు పోవుట మేలని నేననుకొందును.

మూడవ కూర్పు పలు వృత్తులను మెట్టుమెట్టుగా కలుపుకొననిచ్చినది. కాని ఐదు మెట్లు మంత్రమును, ఐదు మెట్లు పౌరోహిత్యమును నేర్చినవాడు పది మెట్ల మాంత్రికుని యెదుట బాలుడే. ఈ కొఱత తీర్చుటకు 2003లో సవరించిన కూర్పులో మిస్టిక్ థీయర్జ్ అను వృత్తిని చేర్చిరి. దానిలో రెండు విద్యలును కలసి పెరుగును. అయితే అది మొదలగునది సాధారణముగా ఏడవ మెట్టున. అంతవఱకు ఆ ఆటగాడు తోడివారి వెనుకనే నడువవలసియుండెను.