దైవానుభవం – మతజ్ఞానం (పల్నాడు చరిత్ర)

దేవుని గురించి చదివి, విని, వల్లె వేసి సంపాదించేది మతజ్ఞానం. దేవునితో మనిషికి స్వయంగా కలిగే పరిచయం దైవానుభవం. ఈ తేడాను మతగ్రంథాలే ముందు గుర్తించాయి. ముండకోపనిషత్తులో అంగిరసుడు శౌనకుడికి బోధిస్తూ నాలుగు వేదాలనూ ఆరు వేదాంగాలనూ అపరావిద్యలో చేరుస్తాడు. అక్షరబ్రహ్మను అందించేది మాత్రమే పరావిద్య అంటాడు. బైబిల్లో యోబు దేవుని న్యాయం గురించి స్నేహితులతో ఎంతో వాదిస్తాడు. చివరికి దేవుడే మాట్లాడాక, అంతవరకూ తనకున్నది వినికిడేనని ఒప్పుకుంటాడు.

పల్నాటిలో ఈ చర్చకు సామాజిక కోణం తోడైంది. శాస్త్రం కొద్దిమంది సొత్తుగా ఉన్న 12వ శతాబ్దిలో బ్రహ్మనాయుడు వైష్ణవభక్తిని అన్ని కులాలకూ తెరిచాడని పల్నాటి వీరగాథలు చెబుతాయి. అన్ని కులాలవారూ కలిసి కూర్చుని తినే చాపకూడు ఆ భక్తికి ఆచరణ రూపం. దళితుడైన కన్నమదాసును ఆయన కొడుకుగా చూసుకున్నాడని ప్రసిద్ధి. మాచర్ల చెన్నకేశవాలయం ఈ సంప్రదాయానికి నిలయం.

క్రైస్తవంలో ఇదే ప్రశ్న జర్మనీ మీదుగా తెలుగునాటికి వచ్చింది. మతసంస్కర్త లూథర్ 1529లో ఇంటి యజమాని పిల్లలకూ పనివారికీ నేర్పడానికి వీలుగా చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. తరవాతి తరాల్లో పాఠం మిగిలి భక్తి పలచబడిందని జర్మన్ లూథరన్ బోధకుడు స్పేనర్ 1675లో విమర్శించాడు. ఆ విమర్శ నుంచి పెరిగిన భక్తి ఉద్యమానికి జర్మనీలోని హాలే పట్టణం కేంద్రమైంది. హృదయం మారాలని పట్టుబట్టిన ఆ ఊళ్లోనే 1746లో మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు ప్రశ్నోత్తరి అచ్చయింది. తెలుగులో తొలి అచ్చుపుస్తకాల్లో అదొకటి. అనుభవాన్ని కోరినవారే ముందుగా పాఠాన్ని అచ్చువేశారన్నది గమనించదగ్గ విషయం.

1842లో గుంటూరు చేరిన అమెరికన్ లూథరన్ మిషనరీ సి.ఎఫ్. హయ్యర్ 1849లో పల్నాటికి వచ్చి గురజాలలో మకాం పెట్టాడు. బాప్తిస్మానికి ముందు పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన నేర్పడం లూథరన్ల పద్ధతి. ఈ మిషన్‌లో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. బడి గడప తొక్కనివ్వని సమాజంలో వారు ఆ పాఠాలను చెవులతో విని నోటికి నేర్చుకోవాల్సి వచ్చింది.

దీన్ని వట్టి కంఠస్థం అని కొట్టిపారేయడం అన్యాయం. తరతరాలుగా దేవుని మాట వినే హక్కే లేదనిపించుకున్న మనిషికి, ఆ మాటను తన నోటితో పలకడమే ఒక దైవానుభవం. మతజ్ఞానాన్ని తక్కువచేసి మాట్లాడటం అది ఎప్పుడూ చేతికందే ఇంట్లో పుట్టినవారికి సులువు. పల్నాటి పేటల్లో జ్ఞానమూ అనుభవమూ ఒకే రోజున, ఒకే చెట్టుకింద దొరికి ఉండవచ్చు.

సంఘాలు స్థిరపడి, పుట్టుకతోనే క్రైస్తవులైన తరాలు వచ్చాక పాత ప్రశ్న తిరిగి లేచింది. పాఠం వచ్చినంత మాత్రాన పరిచయం ఉన్నట్టా? సభల్లో ‘సాక్ష్యం’ చెప్పడం, మారుమనస్సు ఏ రోజున కలిగిందో అడగడం ఈ ప్రశ్న చుట్టూ పెరిగిన అలవాట్లే. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త సింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే ఆరాధనా కేంద్రాన్ని స్థాపించి వ్యక్తిగత రక్షణానుభవాన్ని గట్టిగా బోధించాడు. అయితే సాక్ష్యమూ కొన్నాళ్లకు అచ్చుపోసినట్టు అందరి నోటా ఒకేలా వినిపించే ప్రమాదం ఉంది. అప్పుడు అదీ మరో పాఠమే.

పాఠం కన్నా స్వానుభవాన్ని కోరే ఈ ధోరణిలో, భక్త సింగ్ కన్నా ముందే, లూథరన్ల మధ్య నుంచి వచ్చినవాడు ముంగమూరి దేవదాసు. 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను ప్రారంభించాడు. సందేహం వస్తే దేవుడినే అడగాలని, ఆ దేవుని సన్నిధిలో కనిపెట్టుకుని ఉండాలని దేవదాసు బోధ. 1960లో గుంటూరు దగ్గర కాకానిలో కన్నుమూశాడు. ఆయన ప్రసంగాలను శిష్యులు రాసిపెట్టి పుస్తకాలుగా అచ్చువేశారు. లూథరన్ మిషన్‌ను విడిచి వెళ్లినా, ఆయన రాసిన పాటలు లూథరన్ సంఘాలు వాడే ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’లో నేటికీ ఉన్నాయి.