చేతులు మారిన చిన్న నవల: 'పెద్రో పారమో'

మెక్సికో రచయిత హువాన్ రూల్ఫో నవల 'పెద్రో పారమో' ఒక ప్రయాణంతో మొదలవుతుంది. చనిపోతున్న తల్లికిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి హువాన్ ప్రెసియాదో, తానెన్నడూ చూడని తండ్రి పెద్రో పారమోను వెతుక్కుంటూ కొమాలా అనే ఊరికి బయలుదేరతాడు. దారిలో తోడైన గాడిదలవాడు అబుందియో, తానూ పెద్రో పారమో కొడుకునేనంటాడు. ఊళ్లో పలకరించేవాళ్లూ, పడుకోవడానికి చోటిచ్చేవాళ్లూ ఎప్పుడో చనిపోయినవాళ్లని ప్రెసియాదోకు మెల్లగా తెలిసివస్తుంది.

ఈ కల్పనకు మూలం హలిస్కో రాష్ట్ర చరిత్ర. రూల్ఫో 1917లో అక్కడే పుట్టారు. 1910లో మొదలైన విప్లవం, 1926 నుంచి 1929 వరకు ప్రభుత్వానికీ కాథలిక్ తిరుగుబాటుదారులకూ మధ్య సాగిన క్రిస్తేరో యుద్ధం అక్కడి పల్లెలను ఛిన్నాభిన్నం చేశాయి. 1923లో ఆయన తండ్రి హత్యకు గురయ్యారు. పెద్దయ్యాక రూల్ఫో టైర్ల కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరి దేశమంతా తిరిగారు. ఒకసారి తాను పెరిగిన ఊరికి వెళితే జనం వలసపోయి వీధులు బోసిపోయి ఉన్నాయి. ఆ వీధుల్లో ఎవరో సరుగుడు చెట్లు నాటారు. రాత్రి గాలికి అవి ఏడుస్తున్నట్టు హోరెత్తాయి. కొమాలా ఒంటరితనం తనకు అప్పుడే అర్థమైందని రూల్ఫో చెప్పారు.

1955లో నవల వెలువడింది. మొదటి ముద్రణ 2,000 ప్రతులు. అవి కూడా నిదానంగానే కదిలాయి. పుస్తకాన్ని ముందుకు నడిపించింది ఎక్కువగా స్నేహితుల సిఫారసే. 1961లో కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ మెక్సికో సిటీకి చేరారు. అప్పటికే పుస్తకాలు రాసినా, ముందుకు దారి తోచని స్థితిలో ఉన్నారు. మిత్రుడు, కవి ఆల్వరో మూతీస్ పుస్తకాల కట్టతో మేడమెట్లెక్కి వచ్చి, అందులో అన్నిటికన్నా చిన్నదాన్ని తీసి, చదివి నేర్చుకొమ్మని చేతిలో పెట్టారు. మార్క్వెజ్ రెండోసారి చదవడం పూర్తయ్యేదాకా ఆ రాత్రి నిద్రపోలేదు. తర్వాత ఆ నవలంతా ఆయనకు కంఠతా వచ్చేసింది.

1965లో కుటుంబంతో కారులో ఆకపుల్కోకు వెళుతున్నప్పుడు, ఏళ్లుగా మనసులో నలుగుతున్న కథను ఎలా చెప్పాలో తట్టిందని మార్క్వెజ్ చెప్పుకున్నారు. ఆ కథే 1967లో బ్యూనస్ ఐరిస్‌లో వెలువడిన 'వంద సంవత్సరాల ఏకాంతం'. ఏళ్ల తర్వాత ఒక మనిషి గుర్తుచేసుకోబోయే సంగతిని ముందే చెప్పే దాని తొలి వాక్యపు పోకడ, రూల్ఫో నవలలో ఫాదర్ రెంతేరియాను గురించిన ఒక వాక్యంలోనూ కనిపిస్తుంది. మార్క్వెజ్‌కు 1982లో నోబెల్ బహుమతి లభించింది.

మ్యాజిక్ రియలిజం చదవడం మొదలుపెట్టే ప్రయాణికుడికి 'పెద్రో పారమో' ఇప్పటికీ మంచి సిఫారసు. నూట యాభై పేజీలకు మించని ఈ నవల ఒక పగటి రైలు ప్రయాణంలో పూర్తవుతుంది. అధ్యాయాలుండవు, కాలం ముందువెనుకలవుతుంది, మాట్లాడుతున్నది బతికున్నవారో కారో వెంటనే తేలదు. అందుకే తొలిసారి తికమకపడ్డ పాఠకుడు తిరుగు ప్రయాణంలో మళ్లీ చదివితే, చెదురుమదురుగా వినిపించిన గొంతులన్నీ ఒకే ఊరి కథగా కలుస్తాయి.