కుమావూఁ కొండవేఁటలోఁ దేలిక రైఫిలు: ఒక బహుమాన ఫలకముపై విచారము

జిమ్ కార్బెట్టు రైఫిలు చెక్కపైఁ జిన్న ఫలక మొకటి కలదు. చంపావత్‌లో 1907వ సంవత్సరమున నరభక్షకియగు ఆఁడుపులిని జంపినందులకు గుర్తింపుగా సంయుక్తపరగణాల లెఫ్టినెంటు గవర్నరు సర్ జె. పి. హ్యూయెట్ దీనిని జె. జి. కార్బెట్టున కొసఁగెనని యందలి యాంగ్లలేఖమునకుఁ దాత్పర్యము. శాసనములఁ జదువ నభ్యసించినవారికి ఇందుఁ జిక్కేమియు లేదు. దాత గలఁడు, ప్రతిగ్రహీత గలఁడు, దానహేతువు గలదు. ఇది దానశాసనమే కాని జయస్తంభము గాదు. అయినను ఆ పులి యీ తుపాకితోడనే చచ్చెనని వ్రాయువారు పెక్కండ్రు. ఫలకమునందలి చంపుట యను క్రియకుఁ గర్త కార్బెట్టు. కరణ మిందుఁ జెప్పఁబడలేదు. చెప్పని కరణమును జదువరులు తామే చేర్చుకొనిరి.

ఆ కరణ మేదియో కార్బెట్టే 1944లో వెలువడిన ‘మాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ అను గ్రంథమునఁ దెలిపియున్నాఁడు. నేపాళమునను గుమావూనునను గలిపి 436 మందిని బొట్టఁబెట్టుకొన్న యా పులిని గ్రామజనులు లోయలోనుండి తోలి తెచ్చినపుడు అతనిచేత నుండినది 500 బోరు కార్డైటు రైఫిలు. వెంట నుండినవి మూఁడే తూటాలు. మూఁడును బేల్చినాఁడు. రెండు తగిలినవి గాని పులి పడలేదు. అప్పుడతఁడు పఱుగునఁ బోయి తహశీలుదారుని చేతి తుపాకిని గైకొని వచ్చెను. ఆ తుపాకి గొట్టములకును వెనుకదిమ్మెకును నడుమ అంగుళములో మూఁడెనిమిదవ వంతు సందుండెను. ఇరువదియడుగుల దూరమునుండి తెఱచిన నోటికి గుఱిపెట్టఁగా గుండు కుడిపాదమునకుఁ దగిలెను. అంతకుమున్ను తగిలిన గుండ్లచేతనే పులి ప్రాణములు విడిచెను. పిమ్మట నయనితాలు దర్బారులో ఆ తహశీలుదారునకుఁ దుపాకియు, దోడుపడిన గ్రామవాసికి వేఁటకత్తియుఁ బేళ్లు చెక్కించి యొసఁగిరి. తహశీలుదారునకుఁ గొత్త తుపాకి యెంత యవసరమో ఆ సందు సంగతి విన్నవా రెవ్వరైనను జెప్పఁగలరు.

ఇట్లు ఫలకముగల రైఫిలు చంపావత్ వేఁటకు సాధనము గాదు, ఫలము. అయినను దీని విలువ యందువలనఁ దగ్గదు. కొండలలో బరువైన యాయుధమును మోసికొని తిరిగిన వానికి బహుమానముగా దొరకినది తేలికయైన గడియరైఫిలు. ఆయుధము తేలికయగుట యెట్లు సాధ్యమయ్యెనో, తేలికయైనదానిని గొండలలో నమ్మవచ్చునో కాదో విచారించుటకు ఇంతకంటెఁ దగిన నిదర్శనము దొరకదు.

ముందు మాటలనుగూర్చి కొంత. తుపాకి యను పదము తురుష్కభాషనుండి దేశభాషలలోఁ జేరినది. రైఫిలు అనఁగా గొట్టము లోపల మెలిగా చాళ్లు దీసిన తుపాకి. ఆ చాళ్లవలన గుండు బొంగరమువలెఁ దిరుగుచుఁ బోయి దారితప్పదు. ఆంగ్లేయులు ‘బోల్టు’ అని పిలుచు భాగమునకుఁ దెలుఁగులో గడియ యను మాట సహజముగా సరిపోవును. తలుపుగడియను ముందునకుఁ ద్రోసి క్రిందికి వంచినచో ఎట్లు బిగియునో, ఇచటను తూటాను గొట్టములోనికిఁ ద్రోసి పిడిని వంచినచో అట్లే బిగియును. వెనుకకు లాగినచోఁ గాలిన తూటా గుల్ల వెలికి వచ్చును. ఈ పద్ధతిగల డ్రైసె సూదితుపాకిని బ్రష్యా ప్రభుత్వము 1841లోనే సైన్యమునకుఁ గైకొన్నది. అయినను గడియ యొక్కటే ఆయుధమును దేలికపఱుపలేదు.

తేలికపఱచినది మందు. నల్లమందు కాలినపుడు దానిలో సగమునకుఁ బైగా ఘనపదార్థముగనే మిగిలి, పొగయు మసియు నగును. గుండు వేగము నొక మేరకు మించి పెంచుటకు వీలులేదు. వేగము పెరుగనపుడు దెబ్బకు బలము రావలెనన్న గుండునే పెంచవలెను. గుండు పెరిగిన గొట్టము లావగును, ఎదురుతన్ను హెచ్చగును. ఆ తన్నును భుజము సహింపవలెనన్న తుపాకి బరువును బెంచక తప్పదు. ఏనుఁగులవేఁటకై చేసిన నాలుగు బోరు తుపాకులలో గుండు పౌనులో నాలుగవవంతు, తుపాకి యిరువది పౌనులు తూఁగుట యిందువలననే. ఫ్రాన్సులో పాల్ వియే 1884లోఁ బొగలేని మందును గనుఁగొనెను. రెండేండ్లలో ఆ దేశపు సైన్యము 8 మిల్లీమీటర్ల రైఫిలును ధరించెను. సన్నని పొడవుగుండు మిక్కిలి వేగముతోఁ బోవుట సాధ్యమయ్యెను. ఆ గొలుసు అంతయుఁ దలక్రిందయ్యెను: గుండు తగ్గెను, తన్ను తగ్గెను, బరువును దగ్గెను. ఈ మార్పు జరిగినది యుద్ధముకొఱకు. వేఁటకాండ్రు దానిని బిదప నెరవు దెచ్చుకొనిరి.

నెకార్ నదీతీరమున ఓబెర్న్‌డార్ఫ్‌లోఁ బాల్ మౌజరు (1838–1914) గడియరైఫిలును బరిపూర్ణమొనర్చెను. 1893లో స్పెయిను సైన్యమునకుఁ జేసిన 7 మిల్లీమీటర్ల రైఫిలులో తూటాలు అఱలో రెండు వరుసలుగా నిమిడియుండి, చెక్క వెలుపలికిఁ బొడుచుకొని రావు. 1898 నాఁటి యంత్రమున గడియకు ముందు రెండు బిగింపు మొనలును, వెనుక రక్షణార్థమొక మూఁడవ మొనయుఁ గలవు. తూటా అఱనుండి లేచినది మొదలు కొక్కెము దానిని బట్టుకొనియే యుండును. తలక్రిందుగాఁ బట్టినను, జాఱుచుఁ బట్టినను దూటా దారి తప్పదు. కొండవాలుపై నిలిచిన వేఁటకాని కీ గుణము సామాన్యమైనది కాదు. లండనులోని రిగ్బీ సంస్థ మౌజరు యంత్రములను దెప్పించి తన పనితనముతో వేఁటరైఫిళ్లను గట్టెను. 7 మిల్లీమీటర్లనఁగా అంగుళములో వేయింట నించుమించు 275 పాళ్లు. జర్మనులు 7 అన్నదానినే ఆంగ్లేయులు 275 అనిరి. పేరు వేఱైనను దూటా యొకటే. మొదటి గుండు 173 గ్రెయినులు, తరువాతి తేలికగుండు 140 గ్రెయినులు. ఇట్టి రైఫిలు బరువు సుమారు ఏడున్నర పౌనులు. అదే కాలమునఁ బెద్దపులికిఁ దగినవని యెన్నఁబడిన జంటగొట్టముల రైఫిళ్లు పది పౌనులకు అటునిటుగాఁ దూఁగెడివి.

ఈ యవసరము హిమాలయములకే చెందినది కాదు. ఆల్ప్సు పర్వతములలో షామ్వా యను కొండమేఁకజాతి మృగమును వేఁటాడువారు పొట్టిరైఫిళ్లను జిరకాలమునుండియు వాడుచుండిరి. వారికై స్టైర్ పట్టణపుఁ గర్మాగారము 1903లో మాన్లిఖర్-షోనవర్ రైఫిలును వెలువరించెను. గొట్టము పదునెనిమిదంగుళములే. చెక్క మూతిదాఁక సాగి గొట్టమును ఱాళ్ల తాఁకుడునుండి కాపాడును. తూటాలు తిరుగుడు చక్రమున నమరును. బరువు ఏడు పౌనులకు లోపలనే. దాని 160 గ్రెయినుల మొద్దుమూతి గుండు పొడవై, ఎముకను జీల్చికొని లోతుగాఁ బోవును. వేగము మాత్రము సెకనునకు 2,300 అడుగులకు మించదు. కావున దూరము హెచ్చినకొలఁది గుండు క్రిందికి వంగిపోవును. కొండలలో దూరము నంచనావేయుట కష్టము. ఎగువకుఁ గాని దిగువకుఁ గాని కాల్చునపుడు గుండు పతనమునకు లెక్కకువచ్చునది సమతలదూరమే కాని కంటికిఁ దోఁచు వాలుదూరము గాదు. నలువదియైదు భాగల వాలులో 200 గజముల గుఱికి 141 గజముల లెక్కయే వర్తించును. ఇట్టిచోట వంకరదారి గుండు తప్పును బెంచును, నిటారుదారి గుండు మన్నించును. ఈ యొక్క విషయమున 275 రైఫిలు మాన్లిఖరుకంటె మేలు.

తేలికను మెచ్చుకొనువారు దాని ఖరీదును దాఁపరాదు. తూటా మాఱక తుపాకి బరువొక్కటే అయిదవవంతు తగ్గినచో ఎదురుతన్ను శక్తి నాలుగవవంతు హెచ్చును. ఇది బలశాస్త్రపు లెక్క, తప్పించుకొన వీలులేదు. సన్నని గొట్టము రెండు మూఁడు దెబ్బలకే వేఁడెక్కి గుఱిని మార్చును. అంతకంటె ముఖ్యమగు దోషము మఱియొకటి. కొండయెక్కి వగర్చుచున్న వాని చేతిలో బరువైన తుపాకి తన జడత్వముచేతనే కొంత నిలుకడగా నుండును. తేలికయైనది యూపిరితోఁ గూడ నూఁగును. శాకుంతలము రెండవయంకమున సేనాపతి, వేఁటచేఁ గొవ్వు కరఁగి శరీరము తేలికయగునని రాజునొద్దఁ బ్రశంసించును. శరీరము తేలికయగుటకు దోషము లేదు. ఆయుధము తేలికయైనచో నా దోషమును వేఁటకాని యభ్యాసము తీర్పవలెను. దినమంతయు మోయుట యొకయెత్తు, ఒక్క క్షణము నిలుపుట యొకయెత్తు. కొండలలోఁ బదిగంటలు మోసినదానిని బేల్చునది యొక్కమాఱే. అలసట గుఱిని జెఱచినంత తేలికతనము చెఱుపదన్నది తేలికపక్షమువారి వాదము. ఈ వాదము చాలవఱకు నిజమే. అయినను ఎదుటనున్నది కొండమేఁక గాక పులియైనపు డిది నిలుచునా?

దీనికి ఉత్తరము చౌగఢ్ కథలోఁ గలదు. అఱువదినలుగురిని జంపిన చౌగఢ్ పులికై కార్బెట్టు 1930 ఏప్రిలు 11వ తేదీని వాఁగుదారిని బోవుచుండెను. ఆ కాలమున నతనికిఁ బక్షిగ్రుడ్లను సేకరించు వ్యసన ముండెను. ఱాతిపైఁ గనఁబడిన రెండు గ్రుడ్లను నాచులోఁ బెట్టి యెడమచేతఁ బట్టుకొనెను. కుడిచేత నున్నది జంటగొట్టముల బరువైన యాయుధము గాదు, తేలికరైఫిలు. నిలువు పలకఱాయి నొకదానిని దాటి కుడిభుజముమీఁదుగా వెనుదిరిగి చూచునప్పటికి ఎనిమిదడుగుల దూరమునఁ బులి పొంచియుండెను. రైఫిలు మూతి యప్పుడు వేఱొకదిక్కునకుఁ దిరిగియున్నది. దానిని బులివైపునకుఁ ద్రిప్పవలెనన్న ముప్పాతిక వృత్తము త్రిప్పవలెను. అదియు నొక్కచేత, కదలిక కానరానంత మెల్లగా. అట్లే త్రిప్పెను. చేయి పూర్తిగాఁ జాఁచుకొనినపుడు ఆ కొలఁదిబరువే భారమై తోఁపఁజొచ్చెనని యతఁడు చెప్పినాఁడు. మీట నొక్కఁగా గుండు వెన్నెముకను గాయపఱచి గుండెపైభాగమును బగులఁగొట్టెను.

పిదప నతఁడు చేసిన విమర్శ గొప్పది. ప్రతికూలములుగాఁ దోఁచిన మూఁడు విషయములే తనకు అనుకూలించినవని యతని నిర్ణయము: ఎడమచేతి గ్రుడ్లు, తేలికరైఫిలు, పులి నరభక్షకి యగుట. చేతులు రెండును ఖాళీగా నుండినచోఁ జటుక్కునఁ దిరిగియుండును, తిరిగినచోఁ బులి దుమికియుండును. రైఫిలు బరువైనదైనచో ఒక్కచేత నట్లు త్రిప్పి, చాఁచిన చేతితోడనే పేల్చుట యసాధ్యము. తేలికయాయుధము ఘాతుకమృగమునకుఁ జాలదను సామాన్యసిద్ధాంతమునకు ఇది గట్టి యపవాదము. అపవాదమే సుమా, ప్రతిసిద్ధాంతము గాదు. ఎనిమిదడుగుల దూరమున వెన్నెముక దొరకుట యందఱకును దినదినమును సంభవించునది గాదు. ఆఫ్రికాలో డబ్ల్యు. డి. ఎమ్. బెల్ 275 రైఫిలుతో నూర్లకొలఁది యేనుఁగులను గూల్చిన మాట వాస్తవమైనను, ఏనుఁగు తలలో మెదడెచ్చట నుండునో యతఁ డెఱిఁగినట్లు ఎఱిఁగినవా రరుదు. ఆ గ్రుడ్లనో, కార్బెట్టు మరలఁ గొనిపోయి మొదటిచోటనే పెట్టెను. అరగంటకుఁ దల్లిపక్షి వానిపైఁ గూరుచుండెను.

తరువాతి చరిత్ర యమెరికాది. వించెస్టరు సంస్థ 1952లోఁ దన 70వ నమూనా రైఫిలును ఆఱున్నర పౌనులకుఁ దగ్గించి ‘ఫెదర్‌వెయిట్’ అనఁగా ఈఁకబరువు అని పేరిడెను. కొండగొఱ్ఱెల వేఁటకుఁ దేలికరైఫిలే తగినదని జీవితమంతయు వ్రాసిన జాక్ ఓకానర్ అరిజోనా విశ్వవిద్యాలయమున ఆంగ్లము బోధించిన పండితుఁడు. వేఁటవ్రాఁతలకు వ్యాకరణము తెలిసినవాఁడు దొరకుట యా విద్యకుఁ గలిగిన భాగ్యము. 1980ల నడుమ కొయ్యకు మాఱుగాఁ గెవ్లారు నారతో చెక్కభాగమును జేసి అయిదు పౌనుల రైఫిళ్లను గూడఁ గట్టిరి. మౌజరు యంత్రపు మూలసూత్రము మాత్రము మాఱలేదు.

కార్బెట్టు 1947లోఁ గెన్యాకుఁ బోయి 1955లో నచటనే మరణించెను. ఫలకముగల రైఫిలు అతని గ్రంథములఁ బ్రకటించిన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారి యధీనమున నుండెను. 2015లో రిగ్బీ సంస్థ తాను గట్టినదానిని దానే మరలఁ గొన్నది. 1936లో హెయిలీ పేరున నేర్పడిన యభయారణ్యము 1957లోఁ గార్బెట్టు పేరు దాల్చెను. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణ శాసనముతోఁ బులివేఁట దేశమంతట నిషిద్ధమయ్యెను. 2016లో ఆ రైఫిలును గుమావూనునకుఁ గొనివచ్చి, అతఁడు శీతకాలములు గడపిన కాలాఢుంగీ గ్రామజనులకుఁ జూపిరి.